మనస్సుకూ జీర్ణోద్ధరణ కావాలి
(మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా ఏర్పాటైన ధార్మిక సభలో ఆలయ ప్రధానార్చకులు చేసిన ప్రసంగ పాఠం)



 

ఈ సభలో మనశ్శాంతిని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని ఆలయ కమిటీ వారు నన్ను ఆదేశించారు. నేను అర్చకుణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయం నాకు కొత్తది కాదు. అర్చన చేయించుకునే ప్రతి భక్తుని పేరిట మేము సంకల్పం చెబుతాం. గోత్రం, నక్షత్రం, నామధేయం చెప్పిన తరువాత ఏ ఫలాన్ని కోరి ఈ పూజ చేస్తున్నామో చెబుతాం. ఆ ఫలాల వరుసను మీరెప్పుడైనా గమనించారా? మొదట క్షేమం. ఆ వెంటనే స్థైర్యం, ధైర్యం. తరువాత విజయం, అభయం. ఆపైన ఆయువు, ఆరోగ్యం. అవన్నీ అయిన తరువాత గాని ఐశ్వర్యం రాదు. మనస్సు నిలకడగా లేనివానికి ఐశ్వర్యం ఇచ్చినా అనుభవించలేడని మన పెద్దలకు తెలుసు. అందుకే మనోధైర్యాన్ని ముందు అడిగారు.

ఆ సంకల్పం చెప్పే చోట నిలబడినవానికి ఊరివారి కష్టం వినబడుతూనే ఉంటుంది. పరీక్ష తప్పిన పిల్లవాడు వస్తాడు. కౌలుకు చేసిన పైరు నీట మునిగిన రైతు వస్తాడు. బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడగా పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు వస్తారు. పురుడు వచ్చి నెల తిరగకముందే కారణం తెలియకుండా కన్నీరు పెట్టుకునే కోడలిని వెంటబెట్టుకొని అత్తగారు వస్తుంది. పళ్ళెంలో దక్షిణ ఉంచి, గొంతు తగ్గించి, "నిద్ర పట్టడం లేదు స్వామీ, దేనిమీదా మనసు పోవడం లేదు, ఏదైనా పూజ ఉందా?" అని అడుగుతారు. వారికి చెప్పే సమాధానమే ఈనాడు మీ అందరికీ మనవి చేస్తున్నాను.

నీరు తీసిన తరువాత

మనది కృష్ణమ్మ ఒడిలో పుట్టిన నేల. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన నాటి నుండి కాలువ నీరే మనకు అన్నం పెట్టింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత ఆ అన్నం మరింత స్థిరపడింది. అయితే అదే నీరు మనల్ని ఏడిపించిన సందర్భాలూ ఉన్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమలో నేటికీ ఎవరూ మరువలేదు. ఒక్క రాత్రిలో వేలమంది కొట్టుకుపోయారు. ఆనాడు బ్రతికి బయటపడిన వారికి బియ్యం, బట్టలు, ఇళ్ళు అందించడానికి దేశం నలుమూలల నుండి దాతలు వచ్చారు. కాని సముద్రపు గాలి హోరు వినబడినప్పుడల్లా గుండెలదిరే మనిషికి ఏమి ఇవ్వాలో ఆనాటి వారికి అంతగా తెలియదు.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక పరిసరాలను ముంచివేసింది. అదే సమయంలో కృష్ణకు వచ్చిన వరద ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మేడ ఉన్నవారు మేడమీద, లేనివారు పొరుగువారి మేడమీద రోజుల తరబడి గడిపారు. నీరు తీసిన తరువాత ఇళ్ళు కడిగారు. గోడలకు సున్నాలు వేశారు. మునిగిన బండ్లు బాగు చేయించుకున్నారు. కాని ఆ ప్రాంతాల నుండి వచ్చే భక్తులలో, మబ్బు పట్టి వాన మొదలైతే చాలు, అర్ధరాత్రి లేచి వీధిలోకి నీరు వచ్చిందేమోనని చూసుకునే వారు ఇప్పటికీ ఉన్నారు. గోడమీది నీటి చార చెరిగిపోయింది. మనస్సు మీది చార చెరగలేదు.

ఇది పిరికితనం కాదు. భక్తి చాలకపోవడం కాదు. పూర్వజన్మ పాపమని ముఖం మీద అనదగినదీ కాదు. కాలు విరిగినవానిని చూసి "నీ పాపం పండింది" అని మనం అనం, కట్టు కట్టిస్తాం. మనస్సుకు దెబ్బ తగిలినవాని విషయంలో మాత్రం మన నోళ్ళు ఎందుకు అంత తొందరపడతాయో ఒక్కసారి ఆలోచించండి.

మూడు విధాల చికిత్స

మనస్సుకు వచ్చే వ్యాధి ఈ కాలపు పట్నవాసం తెచ్చిన కొత్త రోగమని కొందరు అంటారు. అది సరికాదు. మన ఆయుర్వేద గ్రంథాలలో ప్రాచీనమైన చరక సంహిత, శరీరానికి వాత పిత్త కఫాలు దోషాలైనట్లే మనస్సుకు రజస్సు, తమస్సు దోషాలని చెప్పింది. ఉన్మాద చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది.

ఆ సంహితలోని సూత్రస్థానం చికిత్స మూడు విధాలని నిర్ణయించింది. మొదటిది దైవవ్యపాశ్రయం. అంటే మంత్రం, హోమం, నియమం, ఉపవాసం, తీర్థయాత్ర మొదలైనవి. రెండవది యుక్తివ్యపాశ్రయం. అంటే ఆహారాన్ని, మందును రోగానికి తగినట్లు యోజన చేసి ఇవ్వడం. మూడవది సత్త్వావజయం. అంటే హితం కాని ఆలోచనల నుండి మనస్సును మరల్చి తన అధీనంలోకి తెచ్చుకోవడం. నేటి వైద్యులు కౌన్సెలింగ్ అని చేసేది ఈ మూడవ దానికి దగ్గరగా ఉంటుంది.

మహాశయులారా, ఈ మూడింటిలో మన ఆలయంలో సంపూర్ణంగా లభించేది మొదటిది. మూడవది కొంతవరకు లభిస్తుంది. రెండవది ఇక్కడ లభించదు. దానికి ఆసుపత్రికి వెళ్ళవలసిందే. గుడికి వచ్చాం గనుక వైద్యుడు అవసరం లేదనడం శాస్త్రసమ్మతం కాదు. వైద్యుని వద్దకు వెళుతున్నాం గనుక దేవుడు అవసరం లేదని కూడా శాస్త్రం చెప్పలేదు. మూడింటినీ చెప్పినవారు మూడూ అవసరమయ్యే రోజు వస్తుందని తెలిసే చెప్పారు.

అర్జునుడు చెప్పుకున్నాడు, కృష్ణుడు విన్నాడు

మన ఇంద్రకీలాద్రి అర్జునుని తపోభూమి అని స్థలపురాణం. సాక్షాత్తు పరమశివునితో పోరాడి పాశుపతాన్ని సంపాదించిన వీరుడతడు. అంతటివాడు కురుక్షేత్రంలో ఎలా అయినాడో భగవద్గీత మొదటి అధ్యాయం చెబుతుంది. అవయవాలు పట్టుతప్పాయి, నోరు ఎండిపోయింది, శరీరం వణికింది, చర్మం మండింది, గాండీవం చేతినుండి జారింది, నిలబడలేకపోయాడు, మనస్సు గిర్రున తిరిగినట్లయింది. తీవ్రమైన ఆందోళన కలిగినవారు నేడు వైద్యునికి చెప్పుకునే లక్షణాలు ఇవే. విషాదం బలహీనులకే వస్తుందనుకునే వారికి అర్జునుడే సమాధానం.

అక్కడ శ్రీకృష్ణుడు ప్రవర్తించిన తీరును గమనించండి. అర్జునుడు తన బాధ చెప్పుకుంటున్నంతసేపు, మొదటి అధ్యాయం ముగిసేవరకు, స్వామి అడ్డు రాలేదు. తరువాత ఒకటి రెండు మాటలతో మందలించాడు. ఆ మందలింపుతో పని జరగలేదు. అర్జునుడు మరల తన దుఃఖాన్నే చెప్పుకొని, నాకు దారి తోచడం లేదు, నీవే చెప్పాలని శరణు కోరి, యుద్ధం చేయనని మౌనం వహించాడు. అప్పుడు గాని అసలు బోధ ప్రారంభం కాలేదు. ఆ బోధ పూర్తయిన తరువాత కూడా భగవంతుడు ఆజ్ఞాపించలేదు. అంతా విచారించుకొని నీకు ఎలా తోస్తే అలా చేయమన్నాడు. నీ మోహం తీరిందా అని అడిగాడు.

మనం ఏం చేస్తున్నాం? పిల్లవాడు "నాకు ఏమీ చేయబుద్ధి కావడం లేదు" అని నోరు తెరవగానే, "మేం నీ వయసులో ఎంత కష్టపడ్డామో తెలుసా" అని మొదలుపెడతాం. కోడలు ఏడిస్తే "నీకేం తక్కువయింది" అంటాం. ముసలాయన ఒంటరితనం చెప్పుకోబోతే "రామా కృష్ణా అనుకోండి" అని లేచిపోతాం. భగవంతుడే ఒక అధ్యాయమంతా విన్నాడు. మనం పావుగంట వినలేమా? ఈ సభ నుండి ఒక్క నియమం ఇంటికి తీసుకువెళ్ళదలచినవారు దీనిని తీసుకువెళ్ళండి: ఎదుటివారు చెప్పడం పూర్తయ్యేదాకా సలహా చెప్పవద్దు.

ఆంజనేయస్వామి నేర్పిన పాఠం

మీలో ఎందరో సుందరకాండ పారాయణ చేసేవారున్నారు. కార్యసిద్ధి కోసం చేస్తారు, మంచిదే. ఆ పారాయణలో పన్నెండు, పదమూడు సర్గల వద్ద ఈసారి కాసేపు ఆగండి.

లంకంతా వెదికినా సీతమ్మ కనబడలేదు. హనుమంతునికి నిరాశ కలిగింది. నేను ఉత్త చేతులతో తిరిగి వెళితే రాముడు బ్రతకడు, ఆయన పోతే లక్ష్మణుడు, ఆ తరువాత భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరకులమంతా నశిస్తారు అని ఒకదానివెంట ఒకటి ఊహించుకుంటూ పోయాడు. జరిగింది ఒక్కటే: సీత ఇంకా కనబడలేదు. మిగిలినదంతా మనస్సు అల్లినది. చివరికి తానే ప్రాణం విడవాలన్న తలపు వరకు ఆ ఊహ తీసుకుపోయింది. పరీక్షలో తప్పిన పిల్లవాని మనస్సు, అప్పు తీరని రైతు మనస్సు ఇలాగే నడుస్తుంది. మార్కులు తగ్గాయన్న దగ్గర బయలుదేరి, ఇక నేనెందుకు అన్న దగ్గరకు చేరుతుంది.

మహాబలవంతుడైన స్వామికే ఆ తలపు వచ్చింది. కాబట్టి అటువంటి తలపు వచ్చినవారు సిగ్గుపడవలసిన పని లేదు. కాని స్వామి ఆ తలపును పాటించలేదు. ప్రాణం విడవడంలో ఎన్నో దోషాలున్నాయి, బ్రతికి ఉంటే శుభాన్ని చూడగలనని నిశ్చయించుకున్నాడు. ఆ తరువాత ఆయనకు అశోకవనం కనబడింది. తాను ఇంకా వెదకని చోటు ఒకటి మిగిలిందని గ్రహించాడు. సీతమ్మ అక్కడే ఉంది. నిరాశలో ఉన్న మనిషికి అంతా వెదికేశాననే అనిపిస్తుంది. వెదకని చోటు ఒకటి తప్పక ఉంటుంది. చెప్పుకోని బంధువు ఉంటాడు, అడగని గురువు ఉంటాడు, కలవని వైద్యుడు ఉంటాడు. వాల్మీకి మహర్షి ఈ పట్టుదలకే అనిర్వేదమని పేరు పెట్టాడు. నిర్వేదానికి లొంగకపోవడం అని దాని అర్థం.

మరొక విశేషం ఉంది. హనుమంతుడు సీతమ్మను చూచిన తరువాత ఆమె కూడా నిరాశతో ప్రాణత్యాగానికి సిద్ధపడుతున్నదని గ్రహించాడు. వెంటనే ఎదుట దూకలేదు. ఎలా మాట్లాడితే ఆమె భయపడదో ఆలోచించాడు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే రావణుడే మారువేషంలో వచ్చాడని భయపడుతుందని, మామూలు మనుషులు మాట్లాడుకునే మాటలలోనే రామకథను మెల్లగా, మధురంగా వినిపించాడు. సకల వ్యాకరణాలు చదివినవాడు తన పాండిత్యాన్ని పక్కన పెట్టాడు. దుఃఖంలో ఉన్నవారి వద్దకు వెళ్ళేటప్పుడు మన వేదాంతాన్ని కూడా అలాగే గుమ్మం బయట ఉంచి వెళ్ళాలి. "భోజనం చేశావా? నిద్ర పట్టిందా? నేను ఇక్కడే ఉన్నాను" అన్న మూడు మాటలు చాలు.

నిత్యం ఆచరించవలసినవి

ఇక మనకు మనం చేసుకోదగినవి కొన్ని చెబుతాను. ఇవి కొత్తవి కావు, మరచిపోయినవి.

మొదటిది అన్నం. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదిహేను రోజులు భోజనం మానమన్నాడు. నీరు మాత్రం కావలసినంత తాగమన్నాడు. తరువాత పిలిచి వేదం చెప్పమన్నాడు. పన్నెండేళ్ళు చదివిన వేదం అతనికి స్ఫురించలేదు. అన్నం తిని వచ్చిన తరువాత అంతా స్ఫురించింది. మనస్సు అన్నమయమని తండ్రి ఆ విధంగా నిరూపించాడు. తైత్తిరీయంలో కూడా అన్నమయ, ప్రాణమయ కోశాల తరువాతనే మనోమయ కోశం చెప్పబడింది. దిగులు కలిగినప్పుడు అందరూ మొదట మానేసేది అన్నమే. ఆకలి లేకపోయినా వేళకు కూర్చుని నాలుగు ముద్దలు తినండి. ఒంటరిగా ఉన్నవారు మన అన్నదానంలో పంక్తిలో కూర్చోండి. అది బీదవారికి మాత్రమే అని సంకోచించకండి, అది ప్రసాదం.

రెండవది నిద్ర. స్వామివారికే ఏకాంతసేవ చేసి తలుపులు మూస్తున్నాం, వేకువన సుప్రభాతంతో తెరుస్తున్నాం. దేవునికి పెట్టిన ఆ నియమం మనకు వద్దా? అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను చూస్తూ, తెల్లవారి నిద్ర లేదని విచారిస్తే ప్రయోజనం లేదు. ఏకాంతసేవ వేళకు ఫోనును దేవుని గదిలో పెట్టి రండి. నిద్రకోసం మద్యాన్ని ఆశ్రయించడం మరింత హాని. అది తెచ్చేది మత్తే గాని నిద్ర కాదు. మరునాటికి దిగులును రెట్టింపు చేస్తుంది.

మూడవది శ్వాస. వేదపాఠశాలలో సంథ చెప్పేటప్పుడు గురువుగారు అర్థం కన్న ముందు నేర్పేది ఎక్కడ ఊపిరి తీయాలి, ఎంతవరకు నిలపాలి అన్నదే. గుండె దడదడలాడుతున్నప్పుడు కూర్చుని, ఊపిరి తీసిన దానికంటె ఎక్కువసేపు మెల్లగా విడవండి. మీకు వచ్చిన నామాన్ని ఆ విడిచే ఊపిరితో పలకండి. పది నిమిషాలు చాలు. శరీరం శాంతిస్తే మనస్సు దాని వెంట వస్తుంది.

నాలుగవది నడక. ప్రదక్షిణకు వచ్చే పుణ్యం సంగతి స్వామి చూసుకుంటాడు. నడకకు వచ్చే ఫలం మీకు ఆ రోజే తెలుస్తుంది. గుడికి రాలేనివారు పొద్దుటిపూట కాలువ గట్టు మీద అరగంట నడవండి.

ఐదవది సేవ. దిగులు మనిషిని తన చుట్టూ తననే తిప్పుతుంది. పూలు కట్టడం, ముగ్గు వేయడం, వంటశాలలో కూరలు తరగడం వంటి చిన్న పని ఒకటి వారానికొకసారి ఇతరులతో కలిసి చేయండి. చేతికి పని, పక్కన మనిషి ఉంటే మనస్సు కొంత తేలికపడుతుంది.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్ళాలి

ఈ ఐదూ ఆచరించినా తీరని స్థితి ఉంటుంది. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఆకలి నిద్రలు పూర్తిగా తప్పినా, ఎవరికీ వినబడని మాటలు తమకు వినబడుతున్నా, బాలింతరాలు బిడ్డను దగ్గరకు తీసుకోలేకపోయినా, చనిపోవాలన్న మాట నోటివెంట వచ్చినా ఆలస్యం చేయవద్దు. ఆ మాట అన్నవాడు బెదిరిస్తున్నాడని తీసిపారేయవద్దు. సూటిగా, ప్రేమగా అడగండి. అడిగినందువల్ల లేని తలపు పుట్టదు. ఆ సమయంలో వారిని ఒంటరిగా విడువకండి. పొలం మందులు ఇంట్లో చేతికందేచోట ఉంచకండి, తాళం వేయండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. రుసుము లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించి, శిక్షకు బదులు చికిత్స, సంరక్షణ అందించాలని చెప్పింది. పోలీసు కేసవుతుందన్న భయంతో ఎవరినీ ఇంట్లో దాచవద్దు.

మందుల విషయంలో ముఖ్యమైన మనవి ఒకటి ఉంది. దిగులుకు ఇచ్చే మందు పని చేయడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి గుణం లేదని మానవద్దు. కుదుటపడిందని సొంతంగా మానవద్దు. ముఖ్యంగా కార్తీకంలో భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష స్వీకరించేవారు నియమభంగమవుతుందని మందులు ఆపివేస్తున్నారు. అర్చకునిగా చెబుతున్నాను, మందు వేసుకోవడం నియమభంగం కాదు. కొన్ని మందులు వాడేవారికి నీరు, ఉప్పు బాగా తగ్గడం ప్రమాదకరం. కనుక ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యుని అడగండి. ఉపవాసం కుదరకపోతే నామం చెప్పుకోండి, స్వామి స్వీకరిస్తాడు. తాయెత్తు కట్టించుకోవద్దని నేను అనను. మందు మాన్పించే తాయెత్తు మాత్రం మంచిది కాదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగినది మనం మరువరాదు. మానసిక రోగులు స్వస్థత కోరి చేరే పుణ్యస్థలమది. అక్కడి ఒక ఆశ్రయంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక మరణించారు. వారిని అక్కడికి తెచ్చినవారు కూడా నమ్మకంతోనే తెచ్చారు. అది ఒక మతానికి చెందిన విషయం కాదు. నమ్మకం పేరిట వైద్యాన్ని దూరం చేసే అందరికీ గుణపాఠం. పిశాచం పట్టిందని మనిషిని కొట్టడం, కట్టివేయడం ఏ దేవుని సన్నిధిలోనూ జరగకూడదు.

ఇంత చేసినా ఒక్కొక్కసారి మనిషి దక్కడు. అటువంటి ఇంటివారిని వెలివేసినట్లు చూడవద్దు. వారికి సద్గతి లేదని మాట్లాడవద్దు. దుర్మరణం పొందినవారి కోసం నారాయణబలిని విధించిన శాస్త్రం వారికి దారి మూయలేదు. శాస్త్రం మూయని దారిని మనం మూయరాదు. ఆ తల్లిదండ్రులను పండుగకు పిలవండి. పోయినవారి పేరు వారి ఎదుట పలకడానికి భయపడకండి.

బాలాలయం చెప్పే నీతి

ఇప్పుడు మన ఆలయం సంగతి చెప్పి ముగిస్తాను. విమానం బీటలు వారింది. వాన కురిస్తే ముఖమండపంలో నీరు కారింది. పీఠానికీ విగ్రహానికీ నడుమ అష్టబంధనం సడలింది. అప్పుడు మనలో ఎవరూ దేవుడు వెళ్ళిపోయాడని అనలేదు. గుడి పడగొట్టి పారేద్దామని అనలేదు. జీర్ణోద్ధరణ చేద్దామన్నారు.

అది ఎలా జరిగిందో మీరు చూశారు. మొదట కళాకర్షణ చేసి స్వామివారి కళలను కుంభంలోకి ఆవాహన చేశాం. బాలాలయం కట్టి అక్కడ ఉంచాం. పని జరిగినన్నాళ్ళు పెద్ద ఉత్సవాలు ఆపాం. నిత్యార్చన, దీపం, నైవేద్యం మాత్రం ఒక్కపూట కూడా ఆపలేదు. మనస్సు జీర్ణించిన రోజులలో మనిషి చేయవలసినది కూడా ఇంతే. ఉద్యోగం మానడం, ఆస్తి అమ్మడం, బంధం తెంచుకోవడం వంటి పెద్ద నిర్ణయాలు కొంతకాలం వాయిదా వేయండి. స్నానం, దీపం, భోజనం, నిద్ర అనే చిన్న నిత్యార్చనను మాత్రం ఆపవద్దు. ఇది బాలాలయంలో ఉన్న కాలమే గాని శాశ్వతం కాదని గుర్తుంచుకోండి.

మరొక సంగతి. విమానం బీట వారినప్పుడు అర్చకులమైన మేము మంత్రం చదివి ఊరుకోలేదు. మేమే తాపీ పట్టుకొని పూయనూ లేదు. స్థపతిని పిలిచాం. ఆయన ఏ రాయి నిలుస్తుంది, ఏ రాయి మార్చాలి అని చూచి చెప్పాడు. కళాకర్షణ మా పని, రాతి పని ఆయన పని, ధనసహాయం మీ పని. ముగ్గురం ఎవరి పని వారు చేసినందువల్లనే ఈ రోజు కుంభాభిషేకం జరిగింది. మనస్సుకు వైద్యుడు స్థపతి వంటివాడు. ఆయనను పిలవడం దేవునికి అపచారం కాదు.

ఆలయ కమిటీ వారికీ దాతలకూ చిన్న విన్నపం. సేవల రుసుముల బోర్డు పక్కన 14416 నంబరును పెద్ద అక్షరాలతో వ్రాయించండి. శనివారం సాయంకాలం మండపంలో రెండు బల్లలు వేయించి, ఒంటరిగా ఉన్న పెద్దలు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. వినే ఓర్పు ఉన్నవారు నలుగురు ఆ సమయంలో వచ్చి కూర్చోండి. గోపురానికి ఇచ్చిన దానితో సమానమైన పుణ్యం అందులోనూ ఉందని నా విశ్వాసం.

పునఃప్రతిష్ఠితులైన స్వామివారి, అమ్మవారి చల్లని చూపు వలన మీ ఇంట ఎవరి మనస్సూ ఒంటరిగా కుంగిపోకుండుగాక. చెప్పుకునేవారికి వినేవారు, వెదికేవారికి దారి లభించుగాక. దాతలందరికీ, వారి కుటుంబాలకూ క్షేమ స్థైర్య ధైర్యాలు ముందుగా, ఐశ్వర్యం ఆ వెనుక కలుగుగాక.

స్వస్తి.